అకిహబారా: పాత ఆటల కొత్త జన్మ

టోక్యో నగరంలో అకిహబారా రైల్వే స్టేషను వెలుపలికి రాగానే యాత్రికుని కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. ఎటు చూసినా రంగురంగుల దీపాలు, నిలువెత్తు బొమ్మల ప్రకటనలు! ఇంతటి సందడికి నిలయమైన ఈ పేట ఒకనాడు బూడిదకుప్ప. 1869లో ఘోర అగ్నిప్రమాదం ఇక్కడి ఇళ్ళను దహించివేసింది. మంటలు మరల వ్యాపించకుండా ఆ నేలను ఖాళీగా విడిచి, ఒక ఆలయం కట్టారు. ప్రజలు దానిని అగ్నిభయం తొలగించే అకిబా దేవుని గుడిగా భావించారు. పేటకు ఆ పేరే స్థిరపడింది.

రెండవ ప్రపంచయుద్ధానంతరం ఇక్కడ రేడియో విడిభాగాల అంగళ్ళు వెలిశాయి. రైలుమార్గం క్రింది ఇరుకు సందులలో అటువంటివి నేటికీ కొన్ని ఉన్నాయి. ఆ పరిసరాలలోనే పాత వీడియో గేములు అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. వాటి అద్దాల బీరువాలలో అగ్రస్థానం ‘ఫామికామ్’ది. తెలుపు, ముదురు ఎరుపు రంగుల ఈ చిన్న పెట్టెను నింటెండో సంస్థ 1983 జూలై 15న 14,800 యెన్లకు విడుదల చేసింది. దాని జ్ఞాపకశక్తి కేవలం 2 కిలోబైట్లు! అయినా వివిధ రూపాలలో ప్రపంచమంతటా 6 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 1990లలో భారతీయ గృహాలలో టీవీకి తగిలించి పిల్లలు ఆడుకున్న పెట్టెలలో అనేకం దీని నకళ్ళే.

యంత్రానికీ వార్ధక్యం తప్పదు. ఫామికామ్ తయారీ 2003లో ఆగిపోయింది. దానికి అనుబంధంగా 1986లో వచ్చిన డిస్క్ సిస్టమ్‌లో రబ్బరు పట్టీ కాలక్రమాన మెత్తబడి తెగిపోతుంది. అయస్కాంత డిస్కులపై సమాచారం చెరిగిపోతుంది. కొన్ని క్యాసెట్లలోని బిళ్ళ బ్యాటరీ అడుగంటితే, ఎవరో బాలుడు రోజుల తరబడి ఆడి భద్రపరచుకొన్న విజయాలు మాయమవుతాయి.

ఇక్కడే అభిమానుల ‘ఎమ్యులేటర్’ ఆదుకుంటుంది. ఇది ఒక విధమైన పరకాయ ప్రవేశం. పాత ప్రాసెసర్ ఒక్కొక్క ఆజ్ఞకు ఏమి చేసేదో, ఎంత సమయం తీసుకొనేదో, నేటి కంప్యూటరు అచ్చంగా అలాగే అనుకరిస్తుంది. ఈ రహస్యాలు తెలుసుకొనేందుకు కొందరు చిప్పు పైపొరను ఆమ్లంతో తొలగించి, సూక్ష్మదర్శిని క్రింద ఫొటోలు తీసి, తీగ తీగనూ పరిశీలించారు. వీరిలో అనేకులు జీతం ఆశించక, తీరిక వేళలను ధారపోసినవారే.

అయితే చట్టం ఒక గీత గీసింది. పాత యంత్రాన్ని శోధించి ఎమ్యులేటర్‌ను నిర్మించడం సమ్మతమేనని 2000లో అమెరికా న్యాయస్థానం ఒకటి తీర్పు చెప్పింది. కాని హక్కుదారుని అనుమతి లేకుండా ఆటల నకళ్ళు పంచడం నేరం. మరి హక్కుదారులే అమ్మడం మానివేసిన ఆటల గతి ఏమిటి? అమెరికాలో 2010కి పూర్వం వెలువడిన ఆటలలో 87 శాతం నేడు విపణిలో దొరకడం లేదని 2023లో ఒక అధ్యయనం వెల్లడించింది.

ఈ ప్రశ్నకు సమాధానం వచ్చేవరకు డిస్కులు ఆగవు. అవి శిథిలమవుతూనే ఉంటాయి. అందుకే టోక్యోలో 2011లో ఏర్పడిన గేమ్ ప్రిజర్వేషన్ సొసైటీ వంటి సంస్థలు, పాత జపాన్ ఆటల ఫ్లాపీలను, టేపులను సేకరించి, వాటి సారాన్ని భద్రపరుస్తున్నాయి.

నాడు నిప్పుకు వెరచి దేవుని ఆశ్రయించిన నేల ఇది. నేడు ఇక్కడి అంగళ్ళలో తలనెరిసిన తండ్రులు బీరువా ముందు నిలిచి, తాము చిన్ననాట ఆడిన ఆటను పిల్లలకు వేలెత్తి చూపుతుంటారు.