ప్రార్థనా, కావలీ



జొహానెస్‌బర్గ్‌లో దిగగానే, కారు తెచ్చిన మన తెలుగు తమ్ముడు "అయ్యగారూ, ఒళ్లో బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకోండి" అన్నాడు. సిగ్నల్ దగ్గర ఆగితే అద్దం పగలగొట్టి లాక్కుపోతారట. "దేవుడుండగా భయమెందుకు?" అన్నాను గొప్పగా.

ఇల్లు రాగానే ఆగకుండా ముందుకు పోయాడు. వెనకే ఒక కారు వస్తోంది. విమానాశ్రయం నుంచే వెంబడించి గేటు దగ్గర దోచుకోవడం అక్కడ ఉన్నదే. ఒక చుట్టు తిరిగి, వీధి ఖాళీ అయ్యాక లోపలికి వెళ్లాం.

"పోయినేడు ఈ గేటు దగ్గరే నా తలకు తుపాకి పెట్టారు. ప్రార్థన చేస్తానయ్యగారూ, వెనక్కీ చూసుకుంటాను" అన్నాడు.

నెహెమ్యా ప్రార్థించాడు, కావలీ పెట్టాడు. ఆ మాట మీద ఎన్నిసార్లో ప్రసంగించాను. నేర్చుకున్నది మాత్రం ఆ రాత్రే.

పరదేశంలో ఉన్న మీ పిల్లలకు రెండూ చెప్పండి.