అటక మీద జాడీ, షోకేసులో కప్పులు

బెజవాడ ఇళ్లలో పింగాణీ అంటే ముందు గుర్తొచ్చేది ఆవకాయ జాడీ. ఏటా ఎండాకాలం దాన్ని అటక మీంచి దింపి, కడిగి, చుక్క తడి లేకుండా ఎండబెట్టి, పచ్చడి పెట్టాక మూతికి గుడ్డ కట్టే చేతులకి సున్నితం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే ఇంట్లో బంగారు అంచు కప్పులు మాత్రం పీచుకి బలైపోతున్నాయి!

ఆ అంచు పల్చటి పూత. గరుకు తగిలితే చెరిగిపోతుంది, మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలొస్తాయి. మెత్తటి స్పాంజి, గోరువెచ్చటి నీళ్లు చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు షోకేసుల్లోకీ బురద చేరింది. అలాంటి సామాన్ను ముందు నానబెట్టాలి. రుద్దితే ఇసుక రేణువు గీత పెడుతుంది, ఆ గీత ఇక పోదు.

క్రిస్టల్ గ్లాసులకి బోరు నీళ్లతో పేచీ. ఆరాక తెల్లమచ్చలు మిగుల్తాయి. కాస్త వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, వెంటనే కడిగి, నూలుగుడ్డతో ఆరబెట్టాలి.

ఇంకోమాట. యూరప్ నిబంధనల్లో లెడ్ క్రిస్టల్ అనాలంటే కనీసం 24 శాతం లెడ్ (సీసం) ఆక్సైడ్ ఉండాలి. పులుపు ఆ సీసాన్ని బయటికి లాగుతుంది. అందంగా ఉందని నిమ్మకాయ పచ్చడి అందులో నిల్వ పెట్టకండి. దానికి జాడీ ఉంది.