మిరప కోతలూ ఇంటర్ పరీక్షలూ

గిరిజన విద్య అనగానే మన చూపు ఏజెన్సీ వైపే పోతుంది. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం గుర్తొస్తాయి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో పత్తి తీసే, మిరపకాయ కోసే ఆడవాళ్ళలో యానాదులు, ఎరుకలవాళ్ళు, సుగాలీలు ఉన్నారన్న సంగతి ఆ చేల పక్కన పెరిగిన మనకే తట్టదు. వీళ్ళూ షెడ్యూల్డు తెగలవాళ్ళే. కానీ వీళ్ళుండే ఊళ్ళు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు గనుక 1/70 చట్టం లాంటి రక్షణలు వీళ్ళకు అందవు. చాలామంది ఊరి చివర, కాలవ గట్ల మీద, పోరంబోకు స్థలాల్లో గుడిసెలు వేసుకుని బతుకుతారు. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన స్త్రీలలో అక్షరాస్యులు 26.1 శాతం. ఇవాళ హాస్టళ్ళలో ఉన్న పిల్లలు ఆ లెక్కకు అందని తల్లుల కూతుళ్ళు.

రెండేళ్ళుగా ఆదివారాలు ఒక బాలికల హాస్టల్లో ఇంటర్ పిల్లలకు తెలుగు చెబుతున్నాను. వాళ్ళ చదువు ఎక్కడ తెగిపోతుందో అక్కడే చూశాను. పదో తరగతి దాకా ఎలాగో లాక్కొస్తారు. తెగేది ఇంటర్లో, అదీ సంక్రాంతి తర్వాత.

పత్తి తీతలు అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా నడుస్తాయి. ఆ వెంటనే మిరప కోతలు మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. ఇంటర్ ప్రాక్టికల్సు, పబ్లిక్ పరీక్షలు వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఇంటికి నాలుగు డబ్బులు వచ్చే రోజులూ, పిల్ల పుస్తకం ముందు కూర్చోవాల్సిన రోజులూ ఒకటే అన్నమాట. కాయ కోయడం, తాలు ఏరడం, తొడిమ తీయడం ఆడవాళ్ళ పనులు గనుక చేలోంచి పిలుపు ఆడపిల్లకే వస్తుంది. తల్లి కోతకు పోతే చంటిపిల్లల్ని చూసుకోవాల్సిందీ ఆమే. పండక్కి ఇంటికి వెళ్ళిన పిల్లలు కొందరు మళ్ళీ హాస్టలుకు రారు. ఒక తల్లి నాతో అన్నది: "చదువొద్దని మేమనం లేమ్మా. ఈ రెండు నెల్లు పోతే అప్పెట్టా తీరుద్ది? పరీచ్చ మళ్ళీ రాయొచ్చంటగా."

సప్లిమెంటరీ ఉన్న మాట నిజమే. కానీ పరీక్ష తప్పిన ఆడపిల్ల విషయంలో ఇంట్లో ముందుగా వచ్చేది పెళ్ళి మాట.

ఇది ఇవాళ్టి కథ కూడా కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. ఆ తర్వాత కొద్దికాలానికే బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ళ కోసం స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టమే ఇచ్చింది. పెద్దవాళ్ళను చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో కూలికి పంపారు. ఈ నేల మీద ఎరుకల పిల్లలకు 'చదువు', 'పని' అనే మాటలు మొదట పోలీసు రిజిస్టరుతో పాటే వచ్చాయి. చట్టం 1952లో రద్దయింది. 1970లలో వినుకొండ ఆడపడుచు, జాషువా కూతురు హేమలతా లవణం ఆ ఊళ్ళో సంస్కరణ కోసం పనిచేశారు. మన సినిమాలు మాత్రం 1991లోనూ, మళ్ళీ 2023లోనూ ఆ ఊరి దొంగల కథే చెప్పాయి. మా హాస్టల్లో ఒకమ్మాయి ఊరి పేరు అడిగితే "బాపట్ల" అని ఊరుకుంటుంది.

మరో అమ్మాయి, యానాదుల పిల్ల, బైపీసీ తీసుకుంటానంటే కాలేజీలో ఒక లెక్చరరు "మీకెందుకమ్మా సైన్సు, ఏదో ఒకేషనల్ కోర్సు చూసుకో" అన్నారట. ఆ సలహా వెనక జాలి ఉందో చులకన ఉందో గానీ, ఆమె ఏం కావాలో ఇంకొకరు తేల్చేయడం మాత్రం మారలేదు. పట్టుబట్టి బైపీసీలోనే చేరింది. ఇప్పుడు రెండో సంవత్సరం. "అక్కా, ఈ మార్చి గట్టెక్కితే చాలు" అంటుంది.

ఆ మార్చి గట్టెక్కించడానికి కావాల్సినవి పెద్ద సంగతులేమీ కావు. సంక్రాంతి సెలవుల్లోనూ హాస్టలు తెరిచి ఉండాలి. పండగ అయిన మర్నాడే ఎవరో ఒకరు గూడేనికి వెళ్ళి పిల్లను వెంటబెట్టుకు రావాలి. స్కాలర్‌షిప్పు డబ్బు జనవరిలో, తల్లి చేతికి అందాలి. కూతురి కూలి పోయినందుకు ఆమె అప్పు చేయకుండా ఉండాలంటే అదే దారి. కుల ధ్రువీకరణ పత్రం తొమ్మిదో తరగతిలోనే చేతికి రావాలి. స్థిరమైన చిరునామా, పుట్టిన తేదీ కాగితం లేని కుటుంబానికి అది నెలల తరబడి తిరుగుడు. ఆ కాగితం లేనిదే ఆరు శాతం రిజర్వేషను ఉన్నా లేనట్టే. ఇంటర్ అయ్యాక నర్సింగా, డిగ్రీయా, ఉపాధ్యాయ శిక్షణా అన్నది ఆమెతో కూర్చుని మాట్లాడే పెద్దమ్మాయి, వీలైతే వాళ్ళలోంచే చదువుకుని వచ్చిన అమ్మాయి, ఒకరుండాలి.

స్త్రీల శ్రమ గురించి మనం చాలా రాశాం. నా పీహెచ్‌డీ దాకా ఫీజులు కట్టింది మా ఇంటి మిరప పంటే. ఆ కాయలు కోసిన చేతుల్లో పదహారేళ్ళ పిల్లల చేతులూ ఉన్నాయి. చేలున్న ఇళ్ళనుంచి వచ్చి ఈ పత్రిక చదివే మనం ఈ ఏడు కోతలకు మనుషుల్ని మాట్లాడేటప్పుడు, వచ్చే వాళ్ళలో ఇంటర్ చదివే పిల్ల ఉందా అని ఒక్కమాట అడగాలి. ఉంటే ఆమె పరీక్షల తేదీలు కనుక్కోవాలి. ఆ రోజుల్లో ఆమె తల్లి కూలి తగ్గకుండా చూడటం మన ఇళ్ళలో మనం చేయగల పనే.