అత్తగారి పెట్టెలోని ఉత్తరము

పాత ఛాయాచిత్రములను, ఉత్తరములను రెజిన్ అను గాజువంటి పాకములో పోతపోసి, బిళ్లలుగను, తాళపుచేతుల గుత్తులకు దగిలించు పతకములుగను చేసికొనుట యిప్పుడు స్త్రీలకొక వేడుకయైనది. మేమును బుక్కరాయసముద్రములో మా యింటి వసారాలో గూర్చుండి యీ పని నేర్చుకొంటిమి. అందు మేము చేసిన తప్పొకటి సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఈ ద్రవ్యము రెండు సీసాలలో వచ్చును. ఒకటి పాకము, రెండవది దానిని గట్టిపఱచునది. తయారుచేసినవారు చెప్పిన పాళ్లలో కొలిచి, బుడగలు పుట్టకుండ మెల్లగా కలిపి అచ్చులో పోసినచో దాదాపొక దినమునకు గట్టిపడును. కొలత తప్పెనా, ఎన్నాళ్లుంచినను జిగట వదలదు. కలిపినంతనే అది తనంతట వేడెక్కును. మా అనంతపురపు సీమ యెండలు మీ రెఱుగుదురు గదా! వైశాఖమాసమున నొక మధ్యాహ్నము గిన్నెడు కలిపి, పొయిమీది పాలు చూచివత్తమని లోనికి బోయి వచ్చునప్పటికి, గిన్నె ముట్టరానంత కాలి, పొగలు గ్రక్కి, పాకము రాయియై కూర్చున్నది. నాటినుండి తెల్లవాఱుజామున కొంచెము కొంచెముగా కలుపుకొనుచున్నాము. చేతులకు తొడుగులు లేనిదే దానిని ముట్టరాదు. కొందఱికి దద్దురులు లేచును. కిటికీలు తెఱచియుంచవలెను. పసిబిడ్డలను దరికి రానీయరాదు.

ఇక తప్పు సంగతి. మా అత్తగారి తల్లి రాయదుర్గము వైపు పల్లెటూరి ఇల్లాలు. బిడ్డలు పుట్టిన తరువాత, వారి పలకమీదనే అక్షరములు దిద్దుకొన్నదట. 1966లో, కరవునాళ్లలో, క్రొత్తగా కాపురమునకు వచ్చిన కూతునకు ఆమె వ్రాసిన ఉత్తరమొకటి అత్తగారి పెట్టెలో, పట్టుచీర మడతలో నుండెడిది. మా యూరి చెఱువు 14వ శతాబ్దమున బుక్కరాయల కాలమునాటిది. తెగబోవు కట్టను నిలుపుటకు ముసలమ్మ ప్రాణమిచ్చినదని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆమెపై కావ్యము వ్రాసిరి. మా అత్తగారి తల్లికి అట్టి కావ్యము లేదు. ఆమె చేతివ్రాత మిగిలినది ఆ కాగితమొక్కటే.

దానిని శాశ్వతముగా నిలుపుదమని అత్తగారిని బలవంతపెట్టి తీసికొంటిమి. నకలు తీయుదమా యని తోచకపోలేదు. అసలుండగా నకలేల యనుకొంటిమి. పలుచని నోటుపుస్తకపు కాగితము, రెండు ప్రక్కలను నీలిసిరా. పాకము తగిలినంతనే అది నూనెలో ముంచినట్లయి, వెనుకప్రక్క వ్రాత ముందునకు దోచి, పంక్తిమీద పంక్తి పడి అల్లుకొనిపోయెను. గట్టిపడిన పిమ్మట దానిని విప్పు నుపాయము లేదు.

చేయవలసిన పద్ధతి తరువాత తెలిసికొంటిమి. అసలును ముట్టక, లేజరు యంత్రముపై నకలు తీయింపవలెను. తడికి వ్యాపించు సిరాతో అచ్చైనది పనికిరాదు. ఆ నకలునకు తెల్లజిగురు రెండు ప్రక్కలను, అంచులకును పూసి, ఆఱనిచ్చి, మరల పూసి, అటుపిమ్మట పాకము పోయవలెను. ఇంత చేసినను ఎండ తగిలినచో బిళ్ల కాలక్రమమున పసుపువాఱును. కావున అసలు పెట్టెలోనే యుండవలెను.

మూడు దినములు అత్తగారికి చెప్పలేకపోయితిమి. నాలుగవనాడు బిళ్లను ఆమె చేతిలోనుంచి తలవంచుకొని నిలుచుంటిమి. ఆమె దానిని వాకిటి వెలుతురునకు పట్టి చాలసేపు చూచెను.

"పోనీ పాపా, నాకు నోటికి వచ్చు, వ్రాసికో," అనెను.

ఆమె చెప్పుచుండగా మేము వ్రాసికొంటిమి. బావిలో నీళ్లింకినవి, ఎద్దులను అమ్మివేసితిమి, ఉగాదికి నీవు రావలదు, నీకు పెట్టుటకు ఇంట నేమియు లేదు, వాన పడినంతనే నేనే వచ్చి చూచెదను. అంతటితో ఆమె ఆగెను. వెనుకప్రక్క చివర ఇంకను రెండు పంక్తులుండెనని మాకు జ్ఞాపకము. మఱచితిరా యని యడిగితిమి.

"మఱువలేదు. అవి నాకు వ్రాసినవి," అనెను.

వ్రాసికొన్నంతవఱకు క్రొత్త కాగితముపై ఎక్కించి, దాని నకలుతో బిళ్లచేసి ఆడుబిడ్డల కిచ్చితిమి. పాడైన బిళ్ల మరల పట్టుచీర మడతలోనికే పోయినది.