బండి ఎవరిది?

మా నాన్న ఇరవై రెండేళ్లు చిలకలపూడిలో ఒక రోల్డ్ గోల్డ్ షావుకారు దగ్గర డ్రైవరుగా చేశాడు. బండి తెల్ల మారుతి 800. రోజూ పొద్దున్నే కడిగి తుడిచేవాడు. నన్ను మాత్రం లోపల కూచోనిచ్చేవాడు కాదు. "మనది కాదురా, సీటుకి మరకైతే ఏం చెప్పుకోవాలి?" అనేవాడు. బానెట్ ఎత్తినప్పుడు పక్కన నిలబడి చూసేవాణ్ణి. మూడు సిలిండర్ల చిన్న ఇంజను. కార్ల పిచ్చి నాకు అక్కడే పట్టింది.

ఒక కార్తీక పౌర్ణమి నాడు షావుకారు కుటుంబాన్ని మంగినపూడి బీచిలో సముద్ర స్నానానికి దించి, ఇంట్లో మరిచిపోయిన సామాను కోసం ఖాళీ బండితో వెనక్కి వస్తుంటే దారిలో పోలీసులు ఆపారు. "బండి ఎవడిదిరా?" షావుకారు పేరు చెప్పాడు. "నువ్వెవడివి?" పేరూ, పేటా చెప్పాడు. మా పేట పేరు చెబితే చాలు, ఎరుకలోళ్లమని తెలిసిపోతుంది. షావుకారు వచ్చి బండి తనదేనని చెప్పేదాకా నాన్నని సాయంత్రం వరకూ స్టేషన్లో నేలమీద కూచోబెట్టారు. కొట్టలేదు. కొట్టలేదన్న మాట నాన్న ఇప్పటికీ ప్రత్యేకంగా చెబుతాడు.

ఇప్పుడు నేను జపానులో, యొకొహామా శివారులో ఒక కార్ల రిపేరు షెడ్డులో పనిచేస్తున్నాను. నాకు సొంత కారుంది.

ఇక్కడికెలా వచ్చానో క్లుప్తంగా చెబుతాను. మన పిల్లలు ఫోన్ చేసి మొదట అడిగేది అదే. బందరులో ఐటీఐ, మోటారు మెకానిక్. తర్వాత నాలుగేళ్లు షెడ్డు పని. జపాను ప్రభుత్వం 2019 ఏప్రిల్‌లో 'తొకుతేయ్ గినో' అనే వీసా మొదలుపెట్టింది. పని తెలిసినవాళ్ల కోసం పెట్టిన వీసా, డిగ్రీ అక్కర్లేదు. 2021 జనవరిలో మన దేశం దానిమీద ఒప్పందం చేసుకుంది. పని పరీక్ష ఒకటి, భాష పరీక్ష ఒకటి పాసవ్వాలి. కార్ల మరమ్మతు అందులో ఒక రంగం. భాషకి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. 2022లో వచ్చాను. మొదటి రకం వీసా మీద మొత్తం ఐదేళ్లే ఉండనిస్తారు, పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోనివ్వరు. ఈ మాట ఏజెంట్లు గొంతు తగ్గించి చెబుతారు. మీరు గట్టిగా అడగండి.

మొదటి వారంలోనే షెడ్డుకి ఒక సుజుకి ఆల్టో వచ్చింది. పేరు చూడగానే నవ్వొచ్చింది. 1983 డిసెంబరులో మన దేశంలో రోడ్డెక్కిన మారుతి 800 ఈ ఆల్టో కడుపున పుట్టిందే. ఊరుగాని ఊళ్లో మేనమామ కనబడినట్టయింది. ఇక్కడ చిన్న కార్లని 'కేయ్' అంటారు. ఇంజను 660 సీసీ దాటకూడదు, పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదు. పసుపు పలక మీద నల్ల అంకెలు. మనకి పసుపు పలకంటే టాక్సీ, ఇక్కడ అది చిన్న బండి గుర్తు. పెద్ద కార్లవాళ్లు కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు కూడా. నాకు మాత్రం ఆ పసుపంటేనే ఇష్టం.

2023లో ఒక ముసలావిడ డ్రైవింగ్ మానేస్తూ తన 2006 ఆల్టో అమ్మకానికి పెట్టింది. ఐదు గేర్ల మాన్యువల్. కొనేశాను. లైసెన్సు అప్పటికే మార్పించుకున్నాను. మన లైసెన్సు వాళ్ల లైసెన్సుగా మార్చడానికి ఒక రాత పరీక్ష, ఒక నడిపే పరీక్ష. నా రోజుల్లో రాతలో పది ప్రశ్నలకి ఏడు వస్తే చాలు. 2025 అక్టోబరు నుంచి యాభైకి నలభై అయిదు రావాలి. నడపడంలో రెండుసార్లు తప్పాను. ఎడమకి తిరిగే ముందు తలతిప్పి వెనక్కి చూడలేదట. బందరు బస్టాండు దగ్గర నడిపినవాడికి హారన్ తప్ప ఇంకేం తెలుస్తుంది!

ఇక్కడ కారు కొనడం కంటే దాన్ని పెట్టుకునే చోటు చూపించడం పెద్ద పని. ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు సొంతంగానో అద్దెకో చోటుండాలి. పెద్ద కారైతే ఆ సర్టిఫికెట్ ముందే చేతిలో ఉండాలి. కేయ్ కారుకి కొంత వెసులుబాటు ఉంది గానీ, మా ఊళ్లో దానిక్కూడా చోటెక్కడో పోలీస్ స్టేషన్‌లో తెలపాలి. ఆ కాగితాలతో పాటు పటం గీసి ఇవ్వాలి. ఇల్లెక్కడ, బండి ఆగేదెక్కడ, దానికెదురు రోడ్డెంత వెడల్పు, అన్నీ.

ఆ పటం గీయడానికి ఒక రాత్రంతా కూచున్నాను. స్కేలు పెట్టి గీశాను, చెరిపాను, మళ్లీ గీశాను. గీస్తుంటే మా తాత చెప్పింది గుర్తొచ్చింది. వాళ్ల నాన్న రోజూ రాత్రి స్టేషనుకెళ్లి హాజరు వేయించుకునేవాడట. పొరుగూరు వెళ్లాలంటే చీటీ తీసుకోవాలి. 1911 చట్టం తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో మనవాళ్లని నేరస్థ తెగల జాబితాలో చేర్చారు. 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయినంత తేలిగ్గా అలవాటు పోలేదని మా నాన్నని అడిగితే చెబుతాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఎవరూ పిలవకుండా నా అంతట నేనే స్టేషను మెట్లెక్కాను. నేనెక్కడుంటానో పటం గీసి మరీ ఇస్తున్నాను. కాళ్లు వణికాయి. కౌంటర్లో ఉన్నావిడ పటం తిప్పి చూసి, "రోడ్డు వెడల్పు రాయలేదండీ" అంది. రాశాను. ముద్ర వేసింది. అంతే. బయటికొచ్చి ఎదురుగా ఉన్న మిషన్లో ఒక కాఫీ డబ్బా కొనుక్కుని చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత బండి కాగితం చేతికొచ్చింది. అందులో రెండు గళ్లుంటాయి. ఒకటి యజమాని, రెండోది వాడేవాడు. మా నాన్న బతుకంతా ఆ రెండో గడి. నా కాగితంలో రెంటిలోనూ నా పేరే ఉంది. ఫోటో తీసి పంపాను. నాన్నకి ఆ లిపి తెలీదు, వీడియో కాల్లో వేలు పెట్టి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "లీటరుకి ఎంతిస్తుందిరా?"

కార్ల పిచ్చి ఉన్నవాడు ఇక్కడ చూడాల్సిన చోటు దయికొకు. యొకొహామా రేవు దగ్గర ఎక్స్‌ప్రెస్ వే వంతెనలు చుట్టలు చుట్టుకున్నచోట, వాటి కింద ఒక పార్కింగు. శుక్ర, శని రాత్రులు ఎక్కడెక్కడి బండ్లో వచ్చి చేరతాయి. స్కైలైన్ జీటీఆర్‌లు, నేలకి ఆనుకునేలా దించినవి, బొమ్మలు వేసినవి. మార్పులు ఎన్నైనా చేసుకోవచ్చు గానీ 'షాకెన్' తనిఖీలో నిలవాలి. కొత్త కారుకి మూడేళ్లకి, తర్వాత రెండేళ్లకోసారి అది తప్పదు. నేలకీ బండికీ మధ్య తొమ్మిది సెంటీమీటర్లు లేకపోతే తిప్పి పంపేస్తారు. ఆ తొమ్మిది కొలిచే పని షెడ్డులో చాలాసార్లు నాదే.

మొదటిసారి వెళ్లినప్పుడు నా ఆల్టోని ఒక మూలన దాచినట్టు పెట్టాను. ఒక పెద్దాయన వచ్చి చుట్టూ తిరిగాడు. "ఏ సంవత్సరం?" అన్నాడు. "క్లచ్ ఎవరు మార్చారు? నువ్వేనా?" అన్నాడు. అరగంట మాట్లాడాడు. నా దేశం, నా పేరు చివర్లో అడిగాడు. మా ఇంట్లో ముందునుంచీ అంతా బండ్లవాళ్లేనా అని కూడా అడిగాడు. అవునన్నాను. అబద్ధం కాదు. మనలో ఉప్పు ఎరుకలవాళ్లు సముద్రం ఒడ్డున ఉప్పెత్తి గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకి చేరవేసి ధాన్యం తెచ్చేవాళ్లు. ఆనాటి లారీలు మనవే. రైలొచ్చింది, ఉప్పు మీద తెల్లదొరల పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. బేరం పోయి తిరుగుతున్నవాళ్లకే తర్వాత దొంగలని పేరు పెట్టారు. నాకొచ్చిన జపాను భాషలో ఇదంతా చెప్పలేక "గాడిద, ఉప్పు" అన్నాను. ఆయన పడీపడీ నవ్వి, "నాలుగు కాళ్ల డ్రైవా?" అన్నాడు.

ఇదంతా చదివి జపాను స్వర్గమనుకోవద్దు. ఇక్కడా నన్ను ఆపారు, ఇప్పటికి మూడుసార్లు. రెండుసార్లు సైకిల్ మీద, ఒకసారి ఆల్టోలో. విదేశీయులం ఎప్పుడూ జేబులో కార్డు పెట్టుకోవాలి. మూడోసారి అడిగిన ప్రశ్న నాకు బాగా తెలిసిందే. "ఈ బండి మీదేనా?" మాటలో 'మీ' ఉంది, వంగి నమస్కారం ఉంది, ప్రశ్న మాత్రం అదే. రంగు చూసి ఆపుతున్నారని 2024 జనవరిలో ముగ్గురు టోక్యో కోర్టులో కేసు కూడా వేశారు. వీళ్లలోనూ అంటరానివాళ్లున్నారు, బురాకు అంటారు. వాళ్లు ఇకపై అందరితో సమానమని జపాను ప్రభుత్వం 1871లో ఆజ్ఞ ఇచ్చింది. మన దేశంలో నేరస్థ తెగల చట్టం మొదట వచ్చింది కూడా 1871లోనే. ఆజ్ఞ వచ్చిన ఇన్నేళ్లకి కూడా ఇక్కడ సంబంధం కలుపుకునేటప్పుడు ఊరి పేరు ఆరా తీసేవాళ్లున్నారు. మా పేట పేరు లాగే.

ఆ రాత్రి కాగితం తీసి చూపించాను. రెండు గళ్లూ చూశాడు, క్షమించమన్నాడు, వెళ్లిపోయాడు. ఐదు నిమిషాలు. షావుకారు రానక్కర్లేకపోయింది.

మొన్న 2025లో షాకెన్ చేయించాను. ఇప్పుడు కాగితం మారిపోయింది. చిన్నది, యజమాని పేరు పైకి కనబడదు, లోపల చిప్పులో ఉంటుందట. పాత కాగితం కాపీ మాత్రం దాచుకున్నాను. ఆ ఏడాదే షెడ్డులో ఇంకో సరదా. గురుగ్రామ్‌లో తయారైన ఐదు తలుపుల జిమ్నీని సుజుకి ఇక్కడ అమ్మకానికి పెడితే, నాలుగు రోజుల్లో 50 వేల ఆర్డర్లు వచ్చి బుకింగులు ఆపేసింది. మా వాళ్లు నన్ను చూసి "నీ దేశం బండికి క్యూ కడుతున్నాం చూడు" అన్నారు.

నా షాకెనూ, నా ఐదేళ్లూ 2027లోనే అయిపోతాయి. ఆల్టోని ఇంటికి తెచ్చుకోలేను. మూడేళ్లు దాటిన పాత బండిని మన దేశం రానివ్వదు. రెండో రకం వీసాలో కార్ల మరమ్మతుని 2023లో చేర్చారు. ఆ పరీక్ష పాసైతే ఉండొచ్చు, ఇంటివాళ్లనీ తెచ్చుకోవచ్చు. పుస్తకం డాష్‌బోర్డులో పెట్టుకుని భోజనం వేళ బండిలోనే కూచుని చదువుతున్నాను. బ్రేకుల పాఠం అయింది, కరెంటు పాఠం నడుస్తోంది. పాసైతే ముందు నాన్నని చుట్టపుచూపు వీసా మీద తీసుకొస్తానన్నాను. "వచ్చి ఏం చేయనురా?" అన్నాడు. పక్క సీట్లో కూచోమన్నాను. పక్క సీటు అలవాటు లేదట, స్టీరింగు ఇస్తేనే వస్తాడట.