గడియారం చూసి వేసుకునే గోలీ

హైదరాబాద్‌లో సంతోష్‌నగర్ చౌరస్తాకు దగ్గర్లోని ఒక డే కేర్ సర్జరీ సెంటర్‌లో పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. కిడ్నీలో రాయిని లేజర్‌తో పొడి చేయించుకున్నవాళ్లు, వరిబీజం ఆపరేషన్ అయినవాళ్లు పక్కపక్క మంచాల మీద ఉన్నారు. మార్ఫిన్ జాతికి చెందిన గట్టి నొప్పి మందులు, అంటే ఓపియాయిడ్‌లు, రాయకుండా వీళ్లను ఇంటికెలా పంపుతారో చూడాలని వెళ్లాను.

రాయి తీయించుకున్న ఒక ఆటో డ్రైవర్ అడిగాడు: "గట్టి గోలీ రాసియ్యుండ్రి మేడం, రాత్రి నొప్పి లేస్తే ఎట్ల?"

నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది. "అన్నా, లోపల స్టెంటు పైపు ఉన్నది. ఒంటికి పోతే మంటయితది, నడుముల గుంజుతది, ఎర్రగ కూడ రావచ్చు. అది మామూలే, భయపడకుండ్రి. నొప్పి లేచేదాక ఆగకుండ్రి, టైముకు గోలీ వేసుకోండ్రి." పక్క మంచం మీది పెద్దాయనకు ఇదే మాట ఉర్దూలో చెప్పింది.

ఆ నొప్పి ఎందుకొస్తుందో డాక్టరు బొమ్మ గీసి చూపించారు. స్టెంటు కింది చుట్ట మూత్రాశయం గోడను రాస్తుంటుంది. మూత్రానికి వెళ్లినప్పుడు ఒత్తిడికి కొంత మూత్రం ఆ గొట్టంలోంచే కిడ్నీ వైపు ఎగదన్నుతుంది. అందుకే నడుము లాగుతుంది. మూత్రనాళం కింది భాగాన్ని, మూత్రాశయం మెడను వదులు చేసే టామ్సులోసిన్, వాపును తగ్గించే డైక్లోఫెనాక్, వాటికి తోడు పారాసెటమాల్: ఒక్కోటి ఒక్కో దారిలో పని చేస్తుంది. వరిబీజం వాళ్లకైతే ఆపరేషన్ బల్ల మీదే మత్తుసూదితో ఆ చోటి నరాలను మొద్దుబారుస్తారు. తొలి గంటల నొప్పి అక్కడే ఆగుతుంది.

అందరికీ ఒకే చీటీ పనికిరాదు. కిడ్నీలు బలహీనమైనవాళ్లకు, కడుపులో పుండున్నవాళ్లకు, గుండె జబ్బువాళ్లకు డైక్లోఫెనాక్ ప్రమాదం. పారాసెటమాల్ పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. జలుబు గోలీల్లోనూ అదే మందు ఉంటుంది కాబట్టి లెక్క తప్పడం తేలిక.

ఇక ఆటో డ్రైవర్ అడిగినలాంటి గట్టి గోలీ సంగతి. అలాంటి ఓపియాయిడ్ మందే ట్రమడాల్. దాంతో వాంతులు, మగత, మలబద్ధకం వస్తాయి. అలవాటయ్యే ముప్పూ ఉంది. మన ప్రభుత్వం 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. అమెరికాలో 1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ గోలీ అమ్మకానికి వచ్చాక డాక్టరు చీటీతో మొదలైన వ్యసనం హెరాయిన్, ఫెంటనిల్ దాకా పాకింది. 2021 ఒక్క ఏడాదిలోనే ఓపియాయిడ్ల మోతాదు మించి 80 వేల మందికి పైగా చనిపోయారు. అలాగని ఆ మందులనే వెలివేయలేం. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే రోగికి మార్ఫిన్ దొరకాల్సిందే. కొద్ది రోజుల్లో తగ్గే నొప్పికి మాత్రం అంత మందు అక్కర్లేదు.

డిశ్చార్జి చీటీ మీద ఏ గోలీ ఎన్ని గంటలకో నర్సు గడియారం బొమ్మలు వేసి ఇచ్చింది. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, రక్తం గడ్డలు పడినా రాత్రయినా సరే రమ్మంది. ఆటో డ్రైవర్ భార్య ఆ చీటీలోని వేళలను ఫోన్‌లో అలారంగా పెట్టుకుంది.

మందుల పట్టీ కన్నా స్టూలు మీద కూర్చుని చెప్పిన ఆ మాటలే నాకు పెద్ద వైద్యంగా కనిపించాయి. రాబోయే నొప్పి ఇదీ అని ముందే తెలిసిన మనిషి రాత్రిపూట బెంబేలెత్తడు, గట్టి మందు కోసం మెడికల్ షాపుకు పరుగెత్తడు. ఆపరేషన్‌కు ఎంతవుతుందని అడిగినట్టే, ఇంటికెళ్లాక నొప్పికి ఏం చేయాలని కూడా ముందే అడగండి.