అంగడిలో వంతు



స్త్రీవిద్యను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, గృహాలంకరణమును గూర్చియు పత్రికలలో ఎన్నియో వ్యాసములు చదువుచున్నాము. అంగడికి పోయి అరకిలో కందిబేడలు కొని తెచ్చుకొనుటను గూర్చి వ్రాయువారు మాత్రము అరుదు. ఇది యొక విషయమా యని కొందరు నవ్వవచ్చును. కాని యోచించి చూడుడు. గృహిణి యిల్లు దాటి, కలిమిలేముల భేదము లేక, పదిమందితో సమానముగా నిలుచుచోటు అంగడి. దేవాలయమునందైనను ప్రత్యేక దర్శనమునకు వేరుగా టిక్కెట్టు కలదు. అంగడిలో నట్టిది లేదు. ముందు వచ్చినవారికి ముందు, వెనుక వచ్చినవారికి వెనుక. దీనికే వంతని పేరు. ఈ వంతును మనలో కొందరు ఎంత సులభముగా అపహరించుచున్నారో, దానివలన ఎవరికి నష్టము కలుగుచున్నదో విన్నవింపదలచితిని.

మేము కాపురముండు ఊరిపేరే అంగళ్లు. మదనపల్లె నుండి కదిరికి పోవు త్రోవలో నున్నది. కోస్తావారు కొట్టు అనుదానిని మా సీమవారు అంగడి యందురు. ఊరిపేరే యిట్టిదైనప్పుడు ఈ విషయమున మాటాడుటకు నాకు కొంత హక్కున్నదని తలంచుచున్నాను. "అంగడిలో అన్నియు నున్నవి, అల్లుని నోట శని యున్నది" అని మన సామెత. నేటి అంగళ్లలో నిజముగా అన్నియు నున్నవి. శని మాత్రము అల్లుని నోట గాక, కొనవచ్చినవారి మోచేతులలో నున్నది.

ఈ మోచేతులవారు పలువిధములు. మొదటి తరగతివారిని నేను వామనమూర్తులని పిలుచుకొందును. వరుసలో ఏడెనిమిది మంది యుండగా వీరు మెల్లగా ముందుకు జరిగి, "అక్కా, ఒక్క కొత్తిమిరి కట్టే! చిల్లర గూడా చేతిలోనే ఉండాది" అని దీనముగా అడుగుదురు. ఒక్క కట్టకు కాదనుట యెట్లని మనము తొలగుదుము. కట్ట చేతికి రాగానే, "అట్లే ఒక కిలో చక్కెర, రెండు కిలోలు ఎర్రగడ్డలు, ఒక నూనె పాకెట్టు" అని ఆ రూపము పెరుగ నారంభించును. మూడడుగుల నేల నడిగినవాడు ముల్లోకములు కొలిచిన కథ మన మెరుగనిది కాదు. అయినను బలిచక్రవర్తికి కడపట పాతాళమైన దక్కినది. మనకు దక్కునది కాళ్ల నొప్పి మాత్రమే.

రెండవవారు పరీక్షాధికారులు. వీరు పది బెండకాయలు కొనుటకు ముప్పది బెండకాయల కొనలు విరుతురు. లేతవి తమ సంచిలో పడును. ముదిరినవి కొన విరిగి కుప్పలోనే మిగులును. విరిగిన కాయ పూట గడవక ముందే నల్లబడి వాడును. పొద్దుగూకిన తరువాత పనిదిగి వచ్చువారికి ఆ కాయలే గతి.

మూడవవారు సరుకులన్నియు తూచి కట్టించి, లెక్క చెప్పించుకొని, ఆ తరువాతనే డబ్బు మాట తలంచువారు. 2016లో యూపీఐ వచ్చిన పిదప చిల్లరకై వెదకుకొను బాధ తప్పినది. సెల్‌ఫోను వెదకుకొను బాధ పట్టుకొన్నది. సంచి అడుగున నున్న ఫోను పైకి వచ్చును. దానిలో చార్జి యుండదు. ఉన్నచో ఖాతాలో డబ్బుండదు. "ఏమండీ, ఒక ఐదునూర్లు వేయండి, అంగట్లో ఉండాను" అని సంభాషణ మొదలగును. అది అంతటితో ముగియక, సాయంత్రము వంట యేమనుదాక సాగును. వెనుకనున్న పదిమందియు ఆ యింటి వంట తెలిసికొని సంతోషింపవలసినదే!

టమోటాల మాట వేరుగా చెప్పవలెను. అవి మా సీమ పంట. మదనపల్లె టమోటా మార్కెట్టు ఆసియాలోనే పెద్దవానిలో నొకటని ప్రసిద్ధి కెక్కినది. రైతు నారు పోసి, కట్టెలు నాటి, మొక్కలను పురికొసలతో ఎత్తి కట్టి, కోసి, పెట్టెలలో నింపి తెచ్చిన పండును మనము బొటనవ్రేలితో గట్టిగా నొక్కి చూతుము. ఆ పండులో నూటికి 90 పాళ్లకు మించి నీరే. పైతోలు చిట్లకున్నను లోపలి గోడలు నలిగి, పండు మెత్తబడి, బూజు పట్టుటకు త్రోవ యేర్పడును. చెడిన పండు ప్రక్కపండ్లను చెరచును. అంగడివారు ఆ నష్టమును తమ యింట పెట్టుకొందురా? మంచి పండ్ల ధరలోనే కలుపుదురు. కాబట్టి ఒకరు నొక్కిన నొక్కునకు మరియొకరు వెల యిచ్చుచున్నారు. 2023 జులైలో మదనపల్లెలో టమోటా ధర కిలో 200 రూపాయల చేరువకు పోయినప్పుడు, పండును ప్రసాదమువలె మెల్లగా పట్టిన చేతులనే చూచితిని. ధర దిగిన పిదప ఆ చేతులే మరల నొక్కుట మొదలిడినవి. పండు అదియే, రైతు శ్రమ యదియే. మారినది ధర యొక్కటే.

ఇంతకును ఇవి చిన్న చిన్న చిరాకులే కదా, ఓర్చుకొన రాదా యని మీరడుగవచ్చును. నావంటివారు ఓర్చుకొనవచ్చును. మా వారు బడినుండి వచ్చువేళకు కాఫీ పావుగంట ఆలస్యమైన కొంప మునుగదు. కాని అంగడిలో వంతు కోల్పోవువా రెవరో గమనింపుడు. గొంతు గలవారును, మోచేతులు గలవారును ఎన్నడును కోల్పోరు. కోల్పోవువారు నోరులేనివారు. పొద్దంతయు కలుపు తీసి, ఆనాటి కూలి కొంగున ముడివేసికొని వచ్చు తల్లి, ఆ డబ్బుతోనే రాత్రికి బియ్యము కొనవలెను. ఆమె యింటికి పోయినగాని పొయ్యి రాజదు. ఆమె వంతు పావుగంట వెనుకకు పోయిన, పిల్లల అన్నము పావుగంట వెనుకకు పోవును. ఊరికి కడపటి బస్సు తప్పిన, చీకటిలో నడకయే.

మొన్న వేసవిలో ఒక సాయంకాలము మా వీధి అంగడిలో ఎనిమిదేండ్ల పాప నిలిచియున్నది. బల్లయెత్తు కూడ లేదు. పిడికిట నోటు నలిపి పట్టుకొని, ఇంటికి చుట్టములు వచ్చిరి కాబోలు, "పావుకిలో చక్కెర, టీపొడి" అని మరవకుండ లోలోన వల్లె వేసికొనుచున్నది. ఆ పాప తలమీదుగా నలుగురైదుగురు పెద్దలు చేతులు చాపి, తమ సరుకులు తాము తీసికొని పోవుచున్నారు. "ఈ పాప మనందరికంటె ముందు వచ్చినది, ముందు దానికిండు" అని నేనంటిని. ఒకామె, "చిన్నబిడ్డకేం తొందరమ్మా! ఆడుకుంటా నిలబడుకుంటాది" అన్నది. అంగడి శెట్టిగారు మాత్రము తలయెత్తి చూచి, పాపకు సరుకు కట్టియిచ్చెను. అది ఒక్క ఉరుకున ఇల్లు చేరినది. సోదరీమణులారా, అంగడిలో నిలిచిన బిడ్డ ఆ పావుగంటలో రెండు పాఠములలో నొకటి నేర్చుకొనును. నెట్టినవానికే సరుకు దొరకునని యొకటి. నిలిచినవానికి న్యాయము జరుగునని రెండవది. బడిలో మా వారు ఏడాదిపొడుగున చెప్పు నీతిపాఠములకన్న ఇది లోతుగా నాటును.

ఇక మర్యాద యనుదానిని గూర్చి యొక మాట. మా సీమలో నేటికిని అయ్యవారనిన గౌరవము కలదు. అందుచేత నన్ను చూడగానే శెట్టిగారు, "అమ్మా, మీరు రండి! ఏం కావల్ల చెప్పండి, మీకు ముందు కట్టిస్తా" నందురు. నేను, "వీరందరు ముందు వచ్చినారు, వారి తరువాతనే" యని నిలిచిపోదును. ఇచ్చిన మర్యాదను కాదనుట తగునా యని పొరుగింటి అత్తగారు నన్ను మందలించినారు. తగునని నా యభిప్రాయము. శెట్టిగారు తన అంగడిలోని బెల్లపు ముక్క నా చేతికిచ్చిన అది ఆయన సొమ్ము, పుచ్చుకొందును. కాని వంతు ఆయన సొమ్ము కాదు. నాకు ముందు నిలిచినవారి సొమ్ము. పరుల సొమ్ము దానమిచ్చుటకు ఆయనకు గాని, పుచ్చుకొనుటకు నాకు గాని అధికారమెక్కడిది? చదువునకును పదవికిని కలుగు మర్యాద, కూలితల్లి నిలిచిన నిలుపునుండి తీసి యిచ్చునదైనచో, అది మర్యాద కాజాలదు.

పూర్వమును తోపులాట లుండెను గదా, ఇప్పుడే ఇంత చెప్పనేల యందురేమో. కారణము కలదు. పాతకాలపు అంగడిలో కొనువారు బల్లకీవల, సరుకు లావల నుండెడివి. నడుమ తక్కెడ పట్టుకొని కూర్చున్నవాడు వంతునకు కావలివాడు. ఎవరు ముందు వచ్చిరో ఆయన కన్ను కనిపెట్టెడిది. 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ అను అంగడి పెట్టి, కొనువారే బుట్ట పట్టుకొని లోపల తిరిగి, కావలసినవి తామే తీసికొని, కడపట డబ్బు చెల్లించు పద్ధతిని ఆరంభించెను. 1937లో ఓక్లహోమా నగరమున సిల్వన్ గోల్డ్‌మన్ అనునతడు ఆ బుట్టకు చక్రములు గూర్చెను. జనులు ఆ బండిని త్రోయుటకు మొదట సిగ్గుపడగా, కూలికి మనుష్యులను పెట్టి అంగడిలో త్రోయించెనట! నేడు ఆ బండ్లు మదనపల్లెలోని పెద్ద అంగళ్లకును వచ్చినవి. సిగ్గు మాత్రము వచ్చినట్లు కానరాదు. ఇద్దరు చెలులు ఎదురుపడి, రెండు బండ్లు అడ్డముగా నిలిపి, పెండ్లి ముచ్చటలు చెప్పుకొనుచుండ, వెనుకవారు పప్పుల వరుసకు పోవు దారి లేక నిలువవలసి యుండును. అక్కడ కావలి కాయు శెట్టి లేడు. కావలివారము మనమే.

మన జనులకు వరుస తెలియదనుట మాత్రము అబద్ధము. 2020 మార్చి 25 మొదలు దేశమంతట లాక్‌డౌన్ జరిగినప్పుడు అంగళ్ల ముందు సున్నముతో వలయములు గీసిరి. ఒక్కొక్క వలయమున ఒక్కొక్కరు నిలిచితిమి. గీత దాటినవారు లేరు, నెట్టినవారు లేరు. 2023లో టమోటా ప్రియమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వము రైతుబజారులలో కిలో 50 రూపాయలకు అమ్మించగా, మనిషి కొక కిలోకై జనులు ఎండలో వరుసగా నిలిచిరి. భయమున్నప్పుడును, లాభమున్నప్పుడును నిలుచుట మనకు వచ్చును. భయమును లాభమును లేనప్పుడు, ఎదుటివారు మనుష్యులే యను కారణముచేత మాత్రమే నిలుచుట ఇంకను రావలసియున్నది. వాన వచ్చి సున్నపు గీతలు కొట్టుకొని పోయినవి. మనస్సులో గీసికొన్నచో వాన చెరుపలేదు.

ఇందుకు గొప్ప వ్రతములు అక్కరలేదు. అంగడికి పోగానే, "కడపట ఎవరు?" అని అడిగి వారి వెనుక నిలుచుట. కావలసిన సరుకుల పట్టీ యింటనే వ్రాసికొని, డబ్బో ఫోనో ముందుగా చేత పట్టుకొనుట. పండును కంటితో ఎంచి, కొననిశ్చయించిన దానినే ముట్టుట. ముసలివారికిని, చంటిబిడ్డ తల్లికిని మన వంతు మనమే ఇచ్చుట. ఇతరుల వంతు ఇప్పింపకుండుట. అన్నిటికన్న ముఖ్యమైనది మరియొకటి. మన వంతుకై మనము మాటాడిన జగడగొండి యందురు. దానికి జంకి ఎందరో ఊరకుందుము. ముందున్న నోరులేని వారి వంతుకై మాటాడినచో ఎవరును ఆ మాట అనజాలరు. కాబట్టి ఒక్కొక్కరము మన కొరకు గాక, మన ముందువారి కొరకు మాటాడినచో, అంగడిలో నోరులేనివారే యుండరు.

పొలము, ఇల్లు, నగ కొందరికే యుండును. అంగడిలో వంతు అందరికిని సమానముగా నున్నది. లేనివారికది మరింత విలువైనది. దానిని కలవారము హరింపకుందుము గాక. తమ యూళ్ల అంగళ్లలో ఇంతకన్న మేలైన పద్ధతులు జరుగుచున్నచో, సోదరీమణులు వ్రాసి పంపిన చదివి సంతోషింతుము.